అబూధాబీలో మా పళ్ల డాక్టరమ్మ

పోయిన శుక్రవారం మధ్యాహ్నం కర్నూలు నుంచి ఫోన్ వచ్చింది. "అక్క పోయిందమ్మా. పొద్దున నమాజు చేసుకుని పడుకుంది, మళ్లీ లేవలేదు" అంది డాక్టరమ్మ చెల్లెలు. ఎనభైల మొదట్లో అబూధాబీలో ఒక చిన్న పళ్ల క్లినిక్‌లో నేను ఆ డాక్టరమ్మ దగ్గర నర్సుగా పనిచేశాను. నెల్లూరు నుంచి భర్త వెంట వెళ్లిన నాకు, ఆ ఊళ్లో తెలుగులో తిట్టి, తెలుగులోనే అన్నం తిన్నావా అని అడిగిన మనిషి ఆవిడే.

తిట్లన్నీ శుభ్రం గురించే. అప్పట్లో చాలాచోట్ల పరికరాలను స్పిరిట్‌తో తుడిచి తరువాతి మనిషి నోట్లో పెట్టేసేవారు. ఈవిడ అలా ఒప్పుకునేవారు కాదు. ప్రతి మనిషికీ గ్లోవ్స్ వేసుకునేవారు. పరికరాలను బ్రష్‌తో రుద్ది కడిగాకే క్రిములను చంపే ఆవిరి యంత్రంలో పెట్టనిచ్చేవారు. "మురికి మీద ఆవిరి పడితే మురికి ఉడుకుతాదంతే, పోదు" అనేవారు. ఒకతనికి ఇచ్చిన మత్తుమందు కొంచెం మిగిలిందని నేను దాచబోతే, "అది ఆయప్పతోనే అయిపోయింది. పారెయ్" అన్నారు.

ఎదురు కెఫెటేరియా నుంచి చాయ్ వస్తే గ్లాసును వెలుతురుకెత్తి చూసేవారు. నచ్చకపోతే కడిగి తెమ్మని వెనక్కి పంపేవారు. ఆ చాయ్ తెచ్చే మలయాళీ పెద్దాయన "ఇన్‌స్పెక్టర్ సాబ్" అని సలాం కొట్టి, నవ్వుకుంటూ వెళ్లేవాడు.

ఒకరోజు మఫ్రఖ్‌లోని కూలీల క్యాంపు నుంచి ఇద్దరు తెలుగువాళ్లు వచ్చారు. ఒకతని చెంప ఉబ్బిపోయి కన్ను సగం మూసుకుపోయింది. కొన్ని రకాల కామెర్లు నెత్తురు ద్వారా అంటుకుంటాయి కాబట్టి, డాక్టరమ్మ అందరినీ అడిగినట్టే అతన్నీ అడిగారు: "ఎప్పుడన్నా కామెర్లు వచ్చినాయా?"

పక్కనున్న స్నేహితుడు మోచేత్తో పొడిచాడు. అయినా అతను దాచలేదు. "పోయినేడు అయినయ్ డాక్టరమ్మా. ఆ మాట జెప్పంగనే ఇంకో దవాఖాన్ల బయటికి పొమ్మన్నరు. జెప్పకురా అని ఈడు మొత్తుకుంటుండు. నాకు మనసొప్పలే."

వెయిటింగ్ రూములో ఒకాయన లేచి వెళ్లిపోయాడు. క్లినిక్ చూసుకునే ముదీర్ పరుగున వచ్చాడు. "ఖలాస్ డాక్టర్, ఇతన్ని పంపించెయ్యండి. రేపటి నుంచి ఎవరూ రారు" అని హిందీలో కేకలేశాడు.

"నిజం చెప్పినోణ్ణి వెనక్కి పంపితే రేపటి నుంచి అందరూ అబద్ధమే చెప్తారు" అన్నారు డాక్టరమ్మ, ఆయనకు హిందీలో, మాకు తెలుగులో. తర్వాత అతని వైపు తిరిగారు. "రాప్పా, కూర్చో."

అప్పుడు నాకు ఆరో నెల. ఆవిడ నన్ను ట్రే దగ్గరికి రానివ్వలేదు. "పద్ధతి మీద నాకు నమ్మకముంది. అయినా నీ కడుపులో బిడ్డ విషయంలో నాకు భయమే. నువ్వు బయటుండు" అన్నారు. ఒక్కరే పన్ను తీసి, చీము పోనిచ్చి, మందులిచ్చారు. పరికరాలు రుద్ది కడిగారు. కుర్చీ, దీపం పిడి, ఉమ్మే పాత్ర అన్నీ బ్లీచు నీళ్లతో తుడిచారు. ఒంగి ఒంగి ఆవిడ నడుము పట్టేసింది.

మర్నాడు ముదీర్ మాట విని క్లినిక్ యజమాని, మా కఫీల్, వచ్చాడు. ఆవిడ వీసా ఆయన చేతిలోనే ఉంది. ఆవిడ మాత్రం ఆయన్ని ఆవిరి యంత్రం దగ్గరికి తీసుకెళ్లి, ఏది ఎలా కడుగుతామో, ఎందుకో ఓపిగ్గా చెప్పారు. "అతను చెప్పాడు కాబట్టి తెలిసింది. చెప్పనివాళ్లు, తమకే తెలియనివాళ్లు రోజూ వస్తారు. అందుకే అందరికీ ఒకే శుభ్రం" అన్నారు.

ఆయన అంతా విని, తలమీది గుత్రా గుడ్డ సర్దుకుని, వెళ్లి ముందురోజు అతను కూర్చున్న కుర్చీలోనే కూర్చున్నాడు. "యల్లా డాక్టర్, నా పళ్లు కూడా శుభ్రం చెయ్యి." తలుపు దగ్గర ముదీర్ నోరు తెరుచుకుని నిలబడిపోయాడు.

ఆ తర్వాత మఫ్రఖ్ నుంచి వచ్చేవాళ్లు నా బల్ల దగ్గరే తమ జబ్బుల గురించి ఉన్నదున్నట్టు చెప్పేవారు. నేను ఏ క్లినిక్‌లో పనిచేసినా ఆవిడ పద్ధతే పాటించాను. వాళ్లందరి తరఫునా, నా తరఫునా ఆవిడకు దండం పెట్టుకోవడానికే ఇది రాస్తున్నాను.

నా కూతురు పుట్టిన రోజు ఆవిడ ఆసుపత్రికి వచ్చారు. వస్తూనే వార్డు మూలనున్న కుళాయి దగ్గరికి వెళ్లి మోచేతుల దాకా కడుక్కున్నారు. తువ్వాలు ఇస్తే వద్దన్నారు. తడి చేతులు రెండూ పైకెత్తి పట్టుకుని, మోచేతుల నుంచి నీళ్లు కారుతుంటే, మంచానికి కాస్త దూరంలో నిలబడి పసిదాన్ని చూస్తూ అడిగారు.

"ఆరినాక ఎత్తుకోవచ్చునా?"