బావ డ్యూటీ ఎక్కితే

మా బావ సిటీ బస్సు డ్రైవరు. అందులో వింతేమీ లేదు. కన్నకూతుర్ని కూడా బస్సు లెక్కనే చూసుకుంటాడు, అదీ వింత.

డిపోలో ఓ పద్ధతి ఉంది. దిగే డ్రైవరు బండి పరిస్థితి చెప్పాలి, ఎక్కే డ్రైవరు బండి చుట్టూ తిరిగి చూసుకోవాలి. ఆ తర్వాతే స్టీరింగు ముట్టుకోవడం. పాప పుట్టాక బావ ఈ పద్ధతిని ఇంట్లోనూ పెట్టేశాడు. పని నుంచి రాగానే చేతులు కడుక్కుని ఉయ్యాల చుట్టూ తిరుగుతాడు, వంగి కింద చూస్తాడు, టైరుని తట్టినట్టు పాప పిర్రల మీద తడతాడు.

"రిపోర్టు?" అంటాడు అక్కతో.

"పాలు తాగింది. ఇంకా తేన్చలేదు."

"ఫుల్ ట్యాంకు, గాలి తియ్యాలి. సరే, నువ్వు దిగు."

ఇక అక్క వేలు పెట్టడానికి వీల్లేదు. స్నానం, గుడ్డలు మార్చడం, జోకొట్టడం అన్నీ ఆయనే. మా అమ్మ చూడలేక ఓసారి, "మగాడివి, ఎంత సాయమని చేస్తావు బాబూ?" అంది.

"సాయమేంటి అత్తయ్యా? నేను బస్సు నడిపితే కండక్టరుకి సాయం చేసినట్టా?"

డాక్టరు దగ్గరా అదే వరస. పాపకేమైందని ఆవిడ అడిగితే, "నిన్నట్నుంచి పికప్ లేదండి" అన్నాడు. అక్క తల పట్టుకుని, "పాలు సరిగ్గా తాగట్లేదండి" అని తర్జుమా చేసింది.

అక్క కళ్లద్దాలు తయారుచేసే చోట అద్దాలు అరగదీస్తుంది. ఆ పనంటే ప్రాణం. సెలవు అయిపోవస్తుంటే దిగులు పట్టుకుంది. "నేను లేకపోతే పాప ఉండదురా, ఉద్యోగం మానేస్తాను" అని నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ మాట బావ చెవిన పడింది. నేరుగా డిపోకి వెళ్లి సాయంత్రం డ్యూటీకి మార్పించుకొచ్చి, "పగటి బండి నాది" అన్నాడు.

అక్క పనిలోకి వెళ్లిన మొదటి రోజు నేను చూడ్డానికి వెళ్లాను. ఏడుపు మెట్ల దగ్గరికే వినిపించింది. లోపల బావ అంత ఉక్కలోనూ అక్క స్వెట్టరు తొడుక్కుని, బొత్తాలు పట్టక అవస్థ పడుతూ, పాపని ఎత్తుకుని తిరుగుతున్నాడు. "మార్కెట్టూ... ఆస్పత్రీ... రైల్వే గేటూ..." అని స్టాపులన్నీ జోలపాటగా పాడుతున్నాడు.

"ఆ స్వెట్టరేంటి బావా?"

"మీ అక్క వాసన వస్తుందని. మోసం పసిగట్టేసింది."

ఇంతలో అక్క ఫోను. బావ తాపీగా, "హారన్ ఇరుక్కుంది, మోగుతూనే ఉంది. ఇంజను భేషుగ్గా ఉంది. బండి ఆపాల్సిన పనిలేదు" అన్నాడు. అక్క నవ్వు నాకూ వినపడింది.

నాకు చిరాకేసింది. "ఎప్పుడూ ఈ బస్సు గోలేంటి బావా?"

బావ చెమట తుడుచుకున్నాడు. "గుక్కపట్టి ఏడుస్తోందంటే మీ అక్క ఉన్నపళంగా వచ్చేస్తుంది, మళ్లీ వెళ్లదు. అబద్ధం చెప్పలేను. అందుకే నవ్వొచ్చేలా చెప్తా. పాప పుట్టిన కొత్తలో మీ అక్క ఊరికే బెంగపడేది. 'రిపోర్టు?' అంటే నవ్వింది. ఇక వదల్లేదు."

ఇన్నాళ్లూ ఆయనకి కాస్త తిక్కనుకున్నాను. ఆ క్షణాన ఆయన మీద ఎక్కడలేని ఇష్టం పుట్టుకొచ్చింది. పాపకి ఇదేమీ పట్టలేదు, ఏడుస్తూనే ఉంది.

అక్క వచ్చేసరికి బావ స్వెట్టరులోనే, పాప ఆయన గుండెల మీద నిద్రపోతున్నారు. నేను గుట్టు విప్పితే అక్క నవ్వింది.

"హారనంటే ఏడుపని నాకు తెలీదేంట్రా? అంత ఏడుపులోనూ ఆయన జోకేస్తున్నారంటే పాపకి ఏమీ కాలేదని ధైర్యం."

తర్వాత బీరువా తెరిచి వెతికి వెతికి ఓ పెద్ద శాలువా తీసింది. ఆ ఉక్కలో దాన్ని మెడకీ భుజాలకీ చుట్టుకుని వంటింట్లోకి నడిచింది.

"ఒంట్లో బాగాలేదా అక్కా?"

"బాగానే ఉందిరా. స్వెట్టరు ఆయనకి పట్టట్లేదు కదా. రేపు నేను వెళ్లేలోగా దీనికి నా వాసన పట్టాలి."