మట్టిని నాలుకతో చూసిన మనిషి

గ్రేడర్ మామ పోయాడు. కిందటి నెల ఒక శుక్రవారం పొద్దున బహ్రెయిన్‌లో, నయీమ్ పేటలోని తన గదిలో చాయ్ పొయ్యి మీద పెట్టి, గోడకు ఆనుకుని కూర్చుని, అలాగే పోయాడు. చాయ్ మాడిన వాసన వస్తే పక్క గది జగిత్యాల మనిషి వెళ్లి చూశాడట. "కాకా, మామ లేస్తలేడు" అని నాకు ఫోన్ చేశాడు. నేను నడుపుతున్న నీళ్ల ట్యాంకర్‌ను అక్కడే రోడ్డు పక్కకు ఆపి, ఆయన గదికి బయలుదేరాను.

నేను మూడో తరగతిలో బడి మానినవాణ్ణి. అయినా ఈ నాలుగు ముక్కలు నేనే రాస్తున్నాను, ఎవరి చేతా రాయించడం లేదు. ఆయన పని నాకు తెలిసినట్టు ఈ దేశంలో ఇంకెవరికీ తెలియదు.

గ్రేడర్ అంటే రోడ్డు వేసే ముందు మట్టిని చదును చేసే బండి. పొట్ట కింద పొడుగాటి బ్లేడు ఉంటుంది. మామ బహ్రెయిన్‌లో దిగినప్పటి నుంచి దాని మీదే ఉన్నాడు. మీలో కొందరు సెలవు రోజున ఎడారికి వెళ్లి కార్ల రేసు చూసి వస్తారే, ఆ మట్టి ట్రాకు గీసింది ఆయనే.

ముందు అక్కడ ఏమీ లేదు. ముగ్గురు బహ్రెయినీలు మాత్రం వచ్చేవారు. ఒకాయనకు జిదాఫ్స్ ఊళ్లో కార్ల గ్యారేజీ, ఒకాయన చేపల పడవ నడిపేవాడు, ఇంకొకాయన బడిలో లెక్కల సారు. పాత కార్ల అద్దాలు పీకేసి, లోపల ఇనుప పైపులు వెల్డింగ్ చేసుకుని, ఉత్త ఎడారిలో పోటీ పడేవారు. ముందు కారు లేపిన దుమ్ములో వెనక కారుకు దారి కనబడేది కాదు. వీళ్లకు పిచ్చి అనుకున్నాను నేను. పక్కనే మా కంపెనీ రోడ్డు పని నడుస్తోంది. మామ గ్రేడర్ దిగి నేరుగా వాళ్ల దగ్గరికి వెళ్లాడు.

"ఇట్ల నడిపితె చస్తరు భాయ్. మలుపుల బయటి అంచు ఎత్తుండాలె" అన్నాడు తెలుగులోనే, అరచేయి వంచి చూపిస్తూ.

"మామా, మనకెందుకే, రా!" అని నేను అరిచాను. ఆయన పేరే మామ అనుకున్నాడు గ్యారేజీ ఆయన. "యల్లా మామా, కానియ్, చేసి చూపించు" అన్నాడు. ఆనాటి నుంచి బహ్రెయినీలకూ ఆయన మామే.

మా కఫీల్‌కు, అంటే మాకు వీసా ఇచ్చిన యజమానికి, కూడా కార్లంటే ఇష్టం. శుక్రవారాలు గ్రేడర్‌నూ, నా నీళ్ల ట్యాంకర్‌నూ అక్కడికి వదిలాడు. మామ కొలతల కోసం తాడు కట్టలేదు, మేకు దిగ్గొట్టలేదు. ఆ ముగ్గురినీ ఇష్టం వచ్చినట్టు తిరగమన్నాడు. వాళ్ల చక్రాల జాడ ఎటు వంగిందో చూసి, ఆ జాడ మీదే బ్లేడు దించాడు.

ఆ ట్రాకు మీద మూడు కార్లు ఒకేసారి మలుపు తిరగడం మొదటిసారి చూసినప్పుడు నా ఒళ్లు జలదరించింది. కారు ముక్కు ఒక దిక్కు, చక్రాలు ఇంకో దిక్కు. పక్కకు జారుతూనే ముందుకు పోతున్నాయి. కారుకూ కారుకూ మధ్య మనిషి పట్టేంత సందు లేదు. నేను లారీలు నడిపినవాణ్ణి, ట్యాంకర్లు నడిపినవాణ్ణి. బండి తోలడం నాకు వచ్చు అనుకునేవాణ్ణి. ఆ రోజు నుంచి ఆ మాట పైకి అనలేదు.

పడవ ఆయన ఒకసారి బోల్తా పడి భుజం ఎముక విరగ్గొట్టుకున్నాడు. మరుసటి వారం చేతికి కట్టుతోనే వచ్చాడు. మామ కారుకు అడ్డం నిలబడి, "ఒంటి చేత్తో చాయ్ తాగు, కారు నడపకు" అని తిట్టాడు. ఆయన నవ్వి నడిపాడు. మామ తిట్టుకుంటూనే గ్రేడర్ ఎక్కి, ఆయన కోసం ఆ మలుపును ఇంకో రెండుసార్లు చదును చేసి వచ్చాడు. అంత ధైర్యం ఉన్నవాళ్లను నేను మళ్లీ చూడలేదు. అంత మొండివాళ్లను కూడా.

ప్రతి రేసుకు ముందు మామ చెప్పులు విడిచి ట్రాకంతా నడిచేవాడు. మలుపు దగ్గర చిటికెడు మట్టి నాలుక మీద వేసుకునేవాడు. రేసు కార్లు ఇంజిన్లు ఆపుకుని ఆయన కోసం ఆగేవి. ఆయన "ఖలాస్", అంటే అయిపోయింది, అని చెయ్యెత్తితేనే రేసు.

నీళ్ల సంగతి నాకు ఆయనే నేర్పాడు. ఇక్కడ బోరు నీళ్లు ఉప్పు. ఉత్తరం గాలి పొడిగా ఉంటుంది, అప్పుడు ఉప్పు నీళ్లు పోస్తే మట్టి గట్టిగా పట్టుకుని దుమ్ము లేవదు. దక్షిణం గాలిలో తేమ ఉంటుంది, అప్పుడు మంచి నీళ్లే పోయాలి, అదీ పలచగా. ఉప్పు పోస్తే మధ్యాహ్నం దాకా పొడిగా కనబడిన నేలే సాయంత్రానికి గాలిలో తేమ లాగి సబ్బులా జారుతుంది. "మట్టికి గూడ దూపైతదిరా, ఎప్పుడు ఏం తాగిపియ్యాల్నో తెలువాలె" అనేవాడు.

ఇన్నేళ్లూ చెప్పనిది ఇప్పుడు చెబుతున్నాను.

ఒక పెద్ద రేసు రోజు దక్షిణం గాలి వీస్తోంది. మంచి నీళ్లు నింపే చోట ట్యాంకర్ల వరస పొడుగ్గా ఉంది. నాకు అన్నీ వచ్చు అన్న పొగరు. బోరు దగ్గర నింపుకుని వచ్చి పోసేశాను. నేల పొడిగా, చక్కగా కనబడింది. నాలుగింటికి కఫీల్ అతిథులు కుర్చీల్లో కూర్చున్నారు. మామ చెప్పులు విడిచి నడిచాడు. మూడో మలుపులో వంగి మట్టి నోట్లో వేసుకున్నాడు. దూరం నుంచే నా వైపు చూశాడు. వెళ్లి గ్రేడర్ తెచ్చి, కార్లు బయలుదేరే గీత మీద అడ్డంగా నిలిపి, తాళం జేబులో వేసుకున్నాడు.

కఫీల్ పరుగెత్తుకొచ్చాడు. "ఏం చేస్తున్నావ్? బండి తియ్! యల్లా!"

"తియ్యను. నేల జారుతది. మనిషి పోతడు."

"నీళ్లు ఎవరు పోయించారు?"

నా వీసా ఆ నెలతో అయిపోతుంది. నాపైన మాట వస్తే నేరుగా ఇంటికే.

"నేనే జెప్పిన. నాదే తప్పు" అన్నాడు మామ.

గ్యారేజీ ఆయన నమ్మలేదు. "ముసలాడివైపోయావు మామా, నీకు భయం పట్టింది" అని, గ్రేడర్ పక్క నుంచి కారు పోనిచ్చాడు. మెల్లగానే పోయాడు. మూడో మలుపులో కారు మూడు చుట్లు తిరిగి టైర్ల గోడను కొట్టి ఆగింది. మనిషికి ఏమీ కాలేదు. పెద్ద వేగంతో పన్నెండు కార్లు ఒకేసారి అక్కడికి వచ్చి ఉంటే ఏమయ్యేదో అందరికీ అర్థమైంది.

రేసు ఆగింది. మామను ట్రాకు నుంచి తీసేసి రోడ్డు పనికి పంపారు. నేను గదికి వెళ్లి, "మామా, రేపు పోయి నిజం చెప్పేస్త" అన్నాను.

"నోరు మూస్కో. నీ వీసా ఒడువవట్టె, నాది ఇంక రెండేండ్లున్నది. ఇంటికి పోయి ఏం జేస్తవ్? తిన్నవా లేదా?" అన్నాడు. అంతే. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తనివ్వలేదు.

తరువాతి ఏడాది రేసర్లే పట్టుబట్టి ఆయన్ను వెనక్కి తెచ్చుకున్నారు. కొత్త ఆపరేటర్ చేసిన మలుపు ముడతల రేకులా గతుకులుగా ఉందన్నారు. కానీ గ్యారేజీ ఆయన మాత్రం మామను మునుపటిలా పలకరించలేదు. తన కారు పాడు చేసిన నీళ్లు మామవే అని ఆయన కడుపులో ఉండిపోయింది. కొన్నాళ్లకు రేసులు మానేశాడు. చూడ్డానికి వచ్చేవాడు.

మామ శవపేటిక విమానం ఎక్కిన తరువాతి శుక్రవారం రేసు ఉంది. గ్యారేజీ ఆయన దగ్గరికి వెళ్లి, "భాయ్, ఆ రోజు ఉప్పు నీళ్లు పోసింది నేను. నేను పోసేటప్పుడు మామకు తెలియను కూడా తెలియదు. నా కోసం మీద వేసుకున్నాడు" అన్నాను.

ఆయన నా మీదికి ఒక అడుగు వేశాడు. కొడతాడనుకున్నాను. కొట్టినా నిలబడేవాణ్ణే.

"ఇన్నేళ్లు ఆయనకు సరిగ్గా సలాం కూడా చెప్పలేదు నేను" అన్నాడు. నా ట్యాంకర్ వైపు చూసి, "ఈరోజు నీళ్లెవరు పోశారు?" అని అడిగాడు.

"నేనే."

"ఏ నీళ్లు?"

"మంచివి. దక్షిణం గాలి గదా, రెండు గంటలు వరసలో నిలబడి తెచ్చిన."

ఆయన ఒక రేసర్ దగ్గర కారు తాళం అడిగి తీసుకున్నాడు. డెబ్భై దగ్గరపడిన మనిషి, కిటికీలోంచి కాళ్లు లోపల పెట్టడానికే ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చింది. ఒక్కడే బయలుదేరాడు. మొదటి మలుపు, రెండో మలుపు. మూడో మలుపు ముందు వేగం పెంచాడు. నేను ట్యాంకర్ తలుపు గట్టిగా పట్టుకున్నాను. కారు పక్కకు వాలింది, జారింది, పట్టు దొరికించుకుని సాగిపోయింది.

వచ్చి కారును గీత పక్కకు తీసి ఇంజిన్ ఆపాడు. కారు దిగలేదు. తడిసి నల్లబడిన మట్టి మీద ఆ ఒక్క కారు జాడ మొదటి నుంచి చివరి దాకా ఎక్కడా తెగకుండా పడి, పొద్దుగుంకే వెలుతురులో మెరుస్తోంది. వెనక పన్నెండు కార్లు ఇంజిన్లు తిప్పుకుంటూ నిలబడి ఉన్నాయి. జెండా ఊపారు. మామకు సలాంలా పడ్డ ఆ జాడను తొక్కడానికి ఏ కారూ ముందుకు కదల్లేదు.