సిరా పోసి బేరమాడిన మనిషి

మా వియ్యంకుడు పోయాడని పోయిన నెల ఒకరోజు పొద్దున్నే చేవెళ్ల నుంచి మా బిడ్డ ఫోన్ చేసింది. "అమ్మా, మామ లేస్తలేడే" అని మొదలుపెట్టి, మిగతాది చెప్పలేక ఫోన్ అల్లుడి చేతికిచ్చింది. మొయినాబాద్‌లో మా వంటింటి గట్టు దగ్గర కొత్తిమీర తుంచుతూ, ముందురోజు ఆయన నన్నన్న మాటకు సరైన జవాబు దొరికిందని ముచ్చటపడుతున్నాను అప్పుడే. ఆ జవాబు ఇంకా నా దగ్గరే ఉంది. చాలా మంచి జవాబు. ఇప్పుడు దాన్నేం చేసుకోవాలో తెలియడం లేదు.

పిల్లనిచ్చినదాన్ని కాబట్టి వియ్యంకుడి ముందు అణిగిమణిగి ఉండాలని పెళ్లప్పుడు ఎవరో చెప్పారు. ఎవరో గుర్తు లేదు. ఆయన నన్ను "చెల్లె" అనేవాడు, నేను "అన్నా" అనేదాన్ని. ఆ రెండు పిలుపుల మధ్య మేము అనుకోని మాట లేదు.

చేవెళ్ల రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు రేకుల కింద కూర్చుని దస్తావేజులు రాయడం ఆయన పని. మా సంబంధం చూడడానికి వచ్చినరోజు మా బిడ్డ చాయ్ గ్లాసులు పట్టుకుని నిలబడే ఉంది. ఆయన మాత్రం బల్ల మీద నా పెన్ను చూస్తున్నాడు. బడిలో తెలుగు చెప్పినన్నాళ్లూ నేను వాడిన పెన్ను అది.

"చెల్లెమ్మా, మీ పాళీ జర పక్కకు జరిగినట్టున్నది. సరిజేయాల్నా?"

"ముందు సంబంధం సంగతి చెప్పన్నా. పాళీ ఏడికి పోదు."

"సంబంధం ఖాయమే. పెన్నియ్యండి."

అట్లా కుదిరింది మా బిడ్డ పెళ్లి.

కంప్యూటర్లు వచ్చాక రేకుల కింద మిగతా లేఖరులు తమ పెన్నులు మనవళ్ల ఆటలకు ఇచ్చేశారు. ఈయనకు మాత్రం అప్పుడే పెన్నుల పిచ్చి పట్టింది. మొయినాబాద్‌లో పాత సామాన్ల దుకాణాలు, రోడ్డు వెడల్పు కోసం కూలగొడుతున్న ఇళ్లు, ఫామ్‌హౌసుల వాళ్లకు అమ్ముడుపోయిన పెంకుటిళ్లు, ఎక్కడ పాత సందూకు పెట్టె మూత లేస్తే అక్కడ ఈయన స్కూటర్ ఆగేది. వాటి విలువ ఎవరికీ తెలియదు. ఒక ఇంట్లో బంగారు పాళీ ఉన్న పెన్నును తలుపు గొళ్లెంలో చీలలా దోపి పెట్టుకున్నారు. ఇంకొకచోట పెన్ను టోపీ పిల్లవాడి నోట్లో ఈలగా మోగుతోంది. అట్లాంటివి తెచ్చి గోరువెచ్చని నీళ్లలో నానబెట్టేవాడు. పాళీ కింద ఉండే నల్లటి నాలుక ఊడదీసి, పాత చీర దారంతో దాని సందులు తోమేవాడు. ఎండిన సిరా నీళ్లలోకి నీలంగా దిగుతుంటే, పసిపిల్ల స్నానం చూసినట్టు చూసేవాడు.

ఆయన భార్యను నేను వదినా అంటాను. ఆమె బాధ వేరే. "బియ్యం డబ్బల చెయ్యి పెడ్తె పెన్ను దొర్కుతది, పప్పు డబ్బల పెడ్తె పెన్ను దొర్కుతది. ఇగ కూర్ల వెయ్యలే, అదొక్కటి తక్కువ" అనేది.

"వేస్తె సిరా రంగు దిగుతది, కూర మంచిగుండదు" అనేవాడు ఆయన, చాలా శ్రద్ధగా ఆలోచించి.

ఇంత తెలిసినవాడు పెన్నుల మీద నాలుగు రాళ్లు వెనకేయాలి కదా. వెనకేయలేదు. దానికి కారణం ఆయన బేరమాడే పద్ధతి. ఎవరైనా పెన్ను అమ్ముతామంటే ముందు కడిగి, సిరా పోసి, వాళ్ల చేతికే ఇచ్చేవాడు. "నీ పేరు రాయి." వాళ్లు రాసేవాళ్లు. అది ఎట్లాంటి పెన్నో, బయట ఎంత పలుకుతుందో అప్పుడు చెప్పేవాడు. ఆ తర్వాత అడిగేవాడు: "ఎవరి బలవంతం లేకుండ, నీ ఇష్టంతోనే అమ్ముతున్నవా?" ఆయన రాసిన ప్రతి దస్తావేజులోనూ ఉండే మాటే అది. కాగితం మీద ఎవరూ పట్టించుకోని ఆ మాట, చేతిలో తడి సిరాతో వింటే మనిషిని ఆపేస్తుంది. సగం మంది తమ పేరు కేసి కాసేపు చూసుకుని, పెన్ను జేబులో పెట్టుకుని వెళ్లిపోయేవాళ్లు.

"కొనెటోడివా, పంచెటోడివా అన్నా?" అని అడిగాను ఒకసారి.

"పెన్ను నాకన్న ముందు వాళ్లది గద చెల్లె. జర తెల్సుకోని పోనియ్యి."

మా అల్లుడు ఫోన్లో చూసి తల పట్టుకునేవాడు. "బాపూ, సిరా పోస్తే దాని రేటు పాయె. సిరా తాకని పెన్నుకే కిమ్మత్." ఆయన వినేవాడు కాదు.

ఆయనకు ఒక పెన్ను మీద మాత్రం పాత ఆశ ఉండేది. ఆకుపచ్చ, నలుపు చారలు కలగలిసిన, ఎబొనైట్ అనే గట్టి రబ్బరుతో చేసిన పెన్ను. పని నేర్పిన పెద్ద లేఖరి జేబులో అట్లాంటిది ఉండేదట. ముట్టుకోనిచ్చేవాడు కాదట. దాన్ని మళ్లీ ఎక్కడా చూడలేదని ఎన్నోసార్లు చెప్పాడు.

రెండేళ్ల కింద ఎంకపల్లిలో దొరికింది. చుట్టాలింట్లో ఆడపిల్లకు ఒడిబియ్యం పోసే వేడుకకు వెళ్లాం. పెన్నుల మాట విని పక్కింటి సత్తెమ్మ తన ఇంటికి పిలిచింది. ఆకుకూరలు పండించి చేవెళ్ల మార్కెట్‌కు పంపే మనిషి. సందూకులోంచి గుడ్డ మూట తీసి విప్పింది. ఆకుపచ్చ చారలు. ఆయన జేబురుమాలుతో చేతులు తుడుచుకుని గానీ దాన్ని ముట్టుకోలేదు. సత్తెమ్మ భర్త ఒకప్పుడు మొయినాబాద్‌లో ఒక బంగ్లాకు కాపలా ఉండేవాడట. దొర ఊరు విడిచిపోతూ ఇచ్చాడట. భర్తకు చదువు రాదు. పెళ్లిళ్లకు జేబుకు పెట్టుకునేవాడు, అంతే. పాళీకి సిరా తగలనే లేదు.

"ఎంతిస్తవో ఇయ్యి, తీస్కపో" అంది సత్తెమ్మ.

"ముందు నీ పేరు రాయాలె."

"నాకు రాయొస్తదా? మా భూమి కాయితం రాసింది నువ్వే గద! గుర్తు పట్టలేదా? అప్పుడు ఏడ వేలు పెట్టుమంటె ఆడ పెట్టిన. గిప్పుడు గూడ గట్లనే తీస్కపో."

ఆమె కోపంగా అనలేదు. బేరం తొందరగా తేలాలని అంది. ఆయన మాత్రం పెన్నును గుడ్డలో చుట్టి ఆమె ఒళ్లో పెట్టాడు. "నేర్పిస్త. అప్పుడు అడుగుత" అన్నాడు.

అట్లా మొదలైంది. వీలైనప్పుడల్లా చేవెళ్ల నుంచి వచ్చి, మొయినాబాద్‌లో నన్నెక్కించుకుని ఎంకపల్లి పోయేవాడు. సిరా తాకని ఆ పెన్నులో సిరా ఆయనే పోశాడు. దాని కిమ్మత్తు ఆ బొట్టుతోనే పోయిందని ఆయనకు తెలుసు. ఆయన రాత దస్తావేజుల గొలుసుకట్టు, దేవుడికి కూడా అర్థం కాదు. అందుకని అక్షరాలు దిద్దించడం నా వంతైంది.

"నా పేర్ల గిన్ని ఒత్తులెందుకు పెట్టిండ్రు మావోళ్లు?" అని సత్తెమ్మ గొణిగేది.

"గట్టిగ పిల్వనీకి" అనేదాన్ని.

"పాళీ తిరగబడ్డది సత్తెమ్మా, జర తిప్పు" అనేవాడాయన. "ఒత్తకు. అది నాగలి గాదు."

"నాగలైతె ఈపాటికి ఎకరం దున్నుదును."

ఒకనాడు, మెంతికూర కట్టలు కడుతున్న అరుగు మీదే, ఎవరూ చేయి పట్టకుండా ఆమె పేరు పూర్తిగా రాసింది. మొదటి అక్షరం పెద్దగా, చివరిది కాగితం అంచుకు జారిపోయేట్టుగా. సిరా ఆరేదాకా ఆయన కాగితం మీద ఊదాడు. అప్పుడు ఆయన అది ఎట్లాంటి పెన్నో అంతా చెప్పి, ఎప్పటి మాటే అడిగాడు: "ఎవరి బలవంతం లేకుండ, నీ ఇష్టంతోనే అమ్ముతున్నవా?"

సత్తెమ్మ పెన్నుకు టోపీ బిగించింది. "ఇయ్య, నేనే ఉంచుకుంట" అంది.

ఆయన నవ్వాడు. లేచి చెప్పులు తొడుక్కున్నాడు. మొయినాబాద్ చౌరస్తాలో స్కూటర్ ఆపి అన్నాడు: "మస్తు పెన్ను గదా చెల్లె."

"ఇంత తిరిగి, ఇంత నేర్పి, చేతులూపుకుంట పోతున్నవ్. ఏడ్వాల్నా నవ్వాల్నా?"

"గా రేకుల కింద నా ముందల ఎంతమంది వేలుముద్రలేసిండ్రో! ఒక్కలన్న ఇయ్య అన్నరా?"

"అడిగితే గద అనేది. నువ్వు అడిగినవా అన్నా?"

మెహిదీపట్నం బస్సు ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది. "చదివి వినిపించిన. అడగలే" అన్నాడు. ఆయన నాకు ఎదురు చెప్పని సందర్భం నాకు తెలిసి అదొక్కటే. నేను కూడా ఆ రోజు గెలిచానని అనుకోలేదు.

మా దిక్కు మూడోరోజు, పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెట్టి పిట్టకు పెడతారు. కాకి వచ్చి ముడితే తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. వాళ్ల మెట్ట చెలకలో బండ మీద ఆకు పరిచారు. కోడికూర, మక్క గారెలు, కల్లు. అందరం దూరంగా నిలబడ్డాం. కాకులు తుమ్మచెట్టు మీదే కూర్చున్నాయి, కిందికి రావడం లేదు. ఎండ ఎక్కింది. కులపెద్ద గొంతు సవరించుకున్నాడు.

"ఏదో కోరిక మిగిలింది."

"గా ఆకుపచ్చ పెన్ను" అన్నారెవరో. ఆ మాట అప్పటికే ఊరంతటికీ తెలుసు.

ఎంకపల్లి నుంచి వచ్చిన సత్తెమ్మ వెనకగా నిలబడి ఉంది. మా అల్లుడు కళ్లు తుడుచుకుంటూ ఆమె దగ్గరికి పోయాడు. "అవ్వా, గా పెన్ను మాకియ్యి. ఎంతంటె అంతిస్త. ఆకుల పెడ్త. బాపు పాణం దానిమీదనే ఉన్నది."

సత్తెమ్మ చేయి నడుము దగ్గర రొండికి పోయింది. పెన్ను అక్కడే దోపుకుని వచ్చింది. బయటికి తీసింది గానీ గుప్పిట విప్పలేదు.

"మీ బాపుకే ఇయ్యనన్న. నవ్విండు. నీకెట్లిస్త బిడ్డా?"

"ఆయన పాణం కన్న ఎక్కువనా?" అన్నాడు కులపెద్ద. చుట్టూ నలుగురూ తలూపారు. సత్తెమ్మ నా కేసి చూసింది. గుప్పిట కొంచెం వదులైంది.

"ఇయ్యకు సత్తెమ్మా" అన్నాను. "గప్పుడు నేను పక్కన్నే ఉన్న. ఆయన అడిగిండు, నువ్వు జవాబు చెప్పినవ్. గదే గావాలె ఆయనకు."

"మరి కాకెందుకొస్తలేదమ్మా?" అన్నాడు పెద్దాయన.

"మీరు గింత లొల్లి జేస్తె ఏ కాకొస్తది?"

అప్పుడు మా వదిన, బండ కేసే చూస్తూ నిలబడ్డ మనిషి, మెల్లగా "అగో" అంది.

అందరం తిరిగి చూశాం. మేం వాదులాడుకుంటుండగానే కాకి ఎప్పుడో దిగింది. గారె సగమే మిగిలింది. సత్తెమ్మ గుప్పిట మళ్లీ బిగిసింది. ఎవరూ కదల్లేదు. కాకి మమ్మల్ని ఏమాత్రం లెక్కచేయకుండా, తిన్న ముక్కును బండ అంచుకు ఇటొకసారి, అటొకసారి, నిదానంగా తుడుచుకుంటోంది.