గాదెలో కూసిన పుంజు

పగ ఎలా తీర్చుకోవాలో తెలియక బాధపడేవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త దగ్గరికి జరగండి. ఎలా తీర్చుకోకూడదో నేను చెబుతాను. ఈ విద్యలో కొత్తవలస నుంచి విజయనగరం దాకా నన్ను మించినవాడు లేడు. నా పగ ఎంత బ్రహ్మాండంగా పండిందంటే, చివరికి మెడలో వేపమండలు కట్టి, డప్పులతో నన్నే ఊరేగించారు.

అప్పుడే విజయనగరంలో డిగ్రీ పాసయ్యాను. ఆఖరి ఏడాది మాకు పాత ఇంగ్లీషు భయం కథలు పాఠాలుగా ఉండేవి. అన్నీ పాడుబడ్డ కోటలు, తడి గోడలు, పిచ్చిచూపుల జమీందార్లు. ఒకడు రెండోవాడికి ద్రోహం చేస్తాడు. ఆ రెండోవాడు అరవడు, కొట్టడు, నవ్వుతూ కాచుకుని కూర్చుంటాడు. ఈలోగా తప్పు చేసినవాడికి తన తప్పే చెవుల్లో మోగి మోగి మతి చలిస్తుంది, ఎవరూ అడక్కుండానే అంతా కక్కేస్తాడు. ఈ కథలు చదివాక నాకు సంగతి అర్థమైపోయింది. ప్రపంచంలో పోలీసులు దండగ. ఓ చప్పుడు చాలు!

మార్కులు తెలియగానే ఇంటికొచ్చాను. మా పల్లె కొత్తవలసకి దగ్గరే. పలాస జీడిపప్పు బట్టీలో మేస్త్రీగా పనిచేసే మా బావ, అక్కతో కలిసి అప్పటికే దిగి ఉన్నాడు. ఆ పూట అమ్మ నాటుకోడి పులుసు వండింది. అల్లుడొస్తే కోడి కొయ్యడం మామూలే కదా, ఎక్కడిదని నేను అడగలేదు. పులుసు ముందు కూర్చుని ప్రశ్నలు వేసే అలవాటు మా వంశంలోనే లేదు.

మర్నాడు పొద్దున్నే పెరట్లోంచి మామ్మ కేక వినబడింది. మామ్మంటే మా నాన్నని కన్నతల్లి, ఇంట్లో సుప్రీంకోర్టు.

"ఓలమ్మో! అమ్మోరి పుంజేదే?"

ఆ పుంజు మామూలు పుంజు కాదండీ. నేను డిగ్రీ గట్టెక్కితే అమ్మవారికి ఇస్తానని మామ్మ మొక్కి, కాలికి పసుపుతాడు కట్టి, తన చేత్తో గింజలు మేపి పెంచిన ఎర్రటి డేగ జాతి పుంజు. మా వైపు మొక్కుకోడి మీద గుడి ముందు పసుపునీళ్లు చల్లి చూస్తారు. అది ఒళ్లు విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే ఎంతసేపైనా నిలబడాల్సిందే.

"ఎటో తిరగడానికి ఎల్లుంటాది అత్తా, సాయంత్రానికి వచ్చీస్తాది," అంది అమ్మ.

"రాకపోతేనో? మొక్కు తీరకుండా ఈ గుంటడు గడప దాటడానికి ఈల్లేదు. ఎమ్మే లేదు, గిమ్మే లేదు!"

మర్నాడే విజయనగరంలో ఎమ్మేలో చేరడానికి ఆఖరి రోజు. పుంజు దొరక్కపోతే నా చదువు ఆ పెరట్లోనే సమాప్తం. అంటే పుంజుని మాయం చేసినవాడు నా బతుకుని మాయం చేసినట్టే.

ఎవడు వాడు? నాలోని ఇంగ్లీషు సాహిత్యం ఒళ్లు విరుచుకుని లేచింది. బావ చొక్కా భుజం మీద ఎర్రటి ఈక! దొడ్లో అమ్మతో ఏదో గుసగుసలాడి, నన్ను చూడగానే నోరు మూసుకున్నాడు. పైగా మనిషికి కోడిపందేలంటే ప్రాణం. ఇంకేం కావాలి? పుంజుని ఏ పందెగాడికో ఇచ్చేశాడని అక్కడికక్కడే తీర్పు రాసేశాను. పెళ్లయిన దగ్గర్నుంచి నన్ను "ఇంగ్లీసు దొరా" అని వెక్కిరిస్తున్నాడన్న పాత కసి కూడా ఆ తీర్పులో ఓ చెయ్యి వేసింది. దాచడమెందుకు?

"బావా, రాత్రి నిద్ర పట్టిందా?" అన్నాను, కథల్లోవాళ్లలా సన్నగా నవ్వుతూ.

"ఏటలగ నవ్వుతన్నావు దొరా? పంటి నొప్పేటి?"

మీరే చెప్పండి, ఇలాంటివాడి మీద పగ తీర్చుకోకుండా ఎలా ఉంటాం?

నా దగ్గర రెండు ఫోన్లుండేవి. ఒకటి కాలేజీ ఫోను, రెండోది పాత చైనా ఫోను. ఆ చైనా ఫోను గొంతు విప్పితే పక్క ఊరి బస్సు ఆగేది. దాన్లో కోడికూత రింగుటోను పెట్టి, నడవలో ధాన్యపు గాదె మీద గోనెసంచి కింద దాచాను. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పాపం, ఈశ్వరుడి దగ్గర చైనా ఫోను లేదు.

దీపాల వేళ అందరం నడవలో కూర్చుని టీ తాగుతున్నాం. బావ సరిగ్గా గాదెకి ఆనుకున్నాడు. నేను లుంగీ మడతలో చెయ్యిపెట్టి, కాలేజీ ఫోను నుంచి దానికి రింగిచ్చాను.

"కొక్కొరోకో!"

మామ్మ చేతిలో గ్లాసు కిందపడింది. "ఓలమ్మో! దీపాల ఏల కోడి కూసిందేటే!"

నేను బావ మొహం చూశాను. ఇప్పుడు పాలిపోతుంది, ఇప్పుడు పెదాలు వణుకుతాయి...

బావ పకోడీ నమిలి మింగి, "టైము తెలీని కోడి లాగున్నాది, ఓ వాచీ కొనాల," అన్నాడు.

ఒళ్లు మండి మళ్లీ నొక్కాను. గాదె మళ్లీ కూసింది. మామ్మ లేచి చేతులు జోడించింది. "అమ్మోరే! నీ పుంజుని ఎవులో పొట్టన పెట్టుకున్నారే! దాని జీవుడు మన గాదిలోన సేరి కూస్తన్నాది! ఒరే, గాది మీదున్నవన్నీ దించండ్రా, సూడాల!"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. దించితే బయటపడేది జీవుడు కాదు, చైనా సరుకు. "నేను చూస్తాను మామ్మా!" అని బల్లమీదికెక్కి, గోనెసంచి ఎత్తినట్టే ఎత్తి, ఫోన్ని చొక్కా కింద పొట్ట దగ్గర లుంగీలోకి దోపేశాను. "ఏమీ లేదు మామ్మా!" అన్నాను. ఎవరూ చూడలేదనుకున్నాను. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుంది. నేను కళ్లు తెరుచుకునే తాగాను, అంతే తేడా.

"ఏటీ లేకపోతే మరింకెలా కూసింది?" అని మామ్మ వణికేసరికి, అప్పటిదాకా గుమ్మం పట్టుకు నిలబడ్డ మనిషి ఒకరు దభీమని కూలబడ్డారు. మొహం పాలిపోయింది. పెదాలు వణికాయి. అచ్చం కథల్లో రాసినట్టే, ఎవరూ అడక్కుండానే అంతా కక్కేసింది. ఒక్కటే తేడా, ఆ మనిషి మా బావ కాదు.

మా అమ్మ!

"నానే సంపీసానత్తా! అమ్మోరి పుంజుని నానే కోసీసాను! పొద్దున్నుంచి నా సెవిలో అదే కూస్తన్నాదనుకున్నాను, ఇప్పుడు గాదిలోన కూడా కూసీసింది!"

"నీకేటి పోయీకాలమే?"

"గుంటడు ఫోన్ సేసి, మెస్సు కూడు తిని నాలిక సచ్చిపోనాదమ్మా, నాటుకోడి తినకపోతే నాను బతకను అన్నాడు. ఉన్న పెట్ట పొదుగు మీదున్నాది. కన్నకడుపు, ఉండబట్టలేకపోయాను. అలాటి పుంజునే అల్లుడు ఇయాల సంతలోన కొని తెచ్చి పక్కింట్లోన గంప కింద పెట్టినాడు. సీకటి పడగానే తాడు కట్టి దొడ్లోకి వదిలేద్దుమనుకున్నాం..."

అదండీ ఈక కథ. నా కోసం సంత నుంచి పుంజుని చంకనెట్టుకొచ్చిన మనిషి మీద నేను పగబట్టాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

మామ్మ నడుం మీద చెయ్యేసింది. "అయితే అమ్మోరి సొమ్ము తిన్నది ఎవులు?"

అందరూ గోడల వంక చూశారు. నేను అందరికంటే శ్రద్ధగా చూశాను. బావ మాత్రం నింపాదిగా జేబులోంచి తన ఫోను తీశాడు. చైనా ఫోను నంబరు ఆయనకి కంఠతా. నేను గాదె దగ్గర చేసిన ఘనకార్యమంతా కింద నుంచి చూశాడన్నమాట!

"కొక్కొరోకో!" అంది నా పొట్ట.

"ఓలమ్మో!" మామ్మ రెండడుగులు వెనక్కి వేసింది. "ఈడి కడుపులోన కూస్తన్నాదే!"

"అత్తా, రెండు కాళ్లూ, కందనకాయా ఆడికే ఏసినాను!" అంది అమ్మ, నిజం చెప్పడం మొదలెట్టాక ఆపలేక.

"ఏటి దొరా, పంటి నొప్పి తగ్గిందా?" అన్నాడు బావ, కడుపు పట్టుకుని దొర్లుతూ.

ఫోను బయటికి తీసి చూపించాను, దండాలు పెట్టాను. మామ్మ నవ్వింది, కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. కానీ తీర్పు మాత్రం మార్చలేదు. "సంత పుంజుని ఇద్దుము. కానీ మొక్కిన పుంజు ఈడి కడుపులోనున్నాది. ఈడు కూడా రావాల."

మర్నాడు తెల్లారకుండానే డప్పులు మోగాయి. ముందు గంపలో సంత పుంజు, వెనక మెడలో వేపమండలు, కాలికి పసుపుతాడుతో నేను. ఊరంతా వాకిళ్లలోకి వచ్చి నిలబడింది. గుడి ముందు పసుపునీళ్లు చల్లగానే పుంజు మర్యాదగా ఒళ్లు విదిలించింది. తరవాత మామ్మ చెంబు నా నెత్తిన కుమ్మరించి చేతులు కట్టుకుంది. నేను బిర్రబిగుసుకు నిలబడ్డాను.

"విదల్సరా! బేగి విదల్సు! నీ బస్సు ఎల్లిపోతాది!" అంది అమ్మ.

విదిలించానండీ. తల, భుజాలు, నడుం, అన్నీ విదిలించాను. ఊరు ఈలలు వేసింది, అమ్మవారు ఒప్పుకుంది. చెవుల్లో పసుపుతోనే బస్సెక్కి వెళ్లి ఎమ్మేలో చేరాను.

ఆ గుడి ముందే, తడిబట్టలతో ఒట్టు పెట్టుకున్నాను: ఇక ఈ జన్మలో ఎవరి మీదా పగబట్టను. ఒకవేళ ఆపుకోలేక పట్టాల్సివస్తే, ఎవరి చొక్కా మీద ఈక ఉందో వెతికే ముందు, నా కంచంలో ఎముకలు ఎవరివో చూసుకుంటాను.