వెండెల్ పెన్సిలు

వెండెల్ కాఫీలో చక్కెర వేసుకోడు, అయినా చల్లారేదాకా చెంచాతో తిప్పుతూనే ఉంటాడు. నెబ్రాస్కాలోని ఆ ఊరి కాలేజీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టుకు ముప్ఫై ఏళ్లు స్కోరు పుస్తకం రాసిన మనిషి. రోజూ పొద్దున్నే హోటల్లో ఉప్పు సీసాను లోర్నా అని, మిరియాల సీసాను ట్విలా అని బల్లమీద అటూ ఇటూ పరిగెత్తిస్తూ, లోర్నా అంతటి ఆటగత్తె ఆ జట్టులో పుట్టలేదని వాదిస్తాడు. "ట్విలావే రెండు పాయింట్లు ఎక్కువ కదరా, రాసింది నువ్వే కదా" అని పక్క కుర్చీలో కూర్చునే స్నేహితుడు డేల్ ఎగతాళి చేస్తే, బల్ల కింద వెండెల్ మోకాలు దడదడలాడి అందరి కప్పుల్లోనూ కాఫీ తొణుకుతుంది.

శనివారం ఆ ఇద్దరు పాత ఆటగత్తెల్లో ఒకరి జెర్సీని గౌరవంగా ఆటశాల కప్పుకు వేలాడదీస్తారు. ఓటు చీటీలో జెర్సీ అంకె వేసి ఇవాళే ఆ హోటల్లో ఇవ్వాలి. వెండెల్ పెన్సిలు మూడుసార్లు చెక్కాడు. చివరికి, కాఫీ పోయడానికి వచ్చిన లోర్నానే ఆపేశాడు. ఆ హోటలు ఆమెదే.

"అమ్మాయ్, నీ ఆఖరి ఆటలో నువ్వు వేసిన బాస్కెట్ ట్విలా పేరున పడింది. నీ జెర్సీ అంకె ఇరవై ఒకటి, తనది పన్నెండు. నేనే తిరగేసి రాశాను."

"తెలుసులే. ఆ రోజే పుస్తకం చూశాను."

"నలభై ఏళ్లుగా చెప్పలేదేం?"

"చెబితే దిద్దేసి ఊరుకునేవాడివి. ఇలా రోజూ వచ్చి నన్ను పొగిడేవాడివా?"

వెండెల్ మోకాలు ఆగింది. గబగబా అంకె వేసి చీటీ ఆమె చేతిలో పెట్టాడు. డేల్ తొంగి చూశాడు.

"ఒరేయ్, మళ్లీ పన్నెండే వేశావు."