రత్నంగారి మూడు గిటార్లు

మొన్న మధ్యాహ్నం మైనం కాస్తుండగా మూకుడు అంచు నా మణికట్టుకు తగిలింది. చిన్న దెబ్బే. కాలిన చర్మం వాసన ముక్కుకు సోకగానే మాత్రం చేతిలో గరిటె వదిలేసి బయటికొచ్చి అరుగు మీద కూర్చుండిపోయాను. నా దగ్గర పని నేర్చుకుంటున్న ఇద్దరమ్మాయిలు కంగారుగా చల్లనీళ్ళు తెచ్చారు. "అంత మండుతోందా అమ్మా?" అని అడిగారు. మండుతోందనే నేను ఊపిరి పీల్చుకున్నానని వాళ్ళకెలా చెప్పను? వాళ్ళు రత్నంగారిని చూడలేదు.

మాది నూజివీడులో వీణలు చేసే ఇల్లు. నాన్న పనసకర్ర తొలిచి వీణ చేసేవారు. నేను మైనం, గుగ్గిలం కలిపి కాచి దాని మీద మెట్లు కూర్చేదాన్ని. ఎనభైల మొదట్లో, నాకింకా ఇరవయ్యేళ్ళు నిండకముందు, ఒక ఎండాకాలం ఉదయం రత్నంగారు మా గుమ్మం ముందు కారు దిగారు. ఆ రోజుల్లో మా జిల్లాలో కాలేజీ చదివే ఎవరినడిగినా ఆయన పేరు చెప్పేవాళ్ళు. బెజవాడ రైల్వే క్వార్టర్సులో పుట్టి, మద్రాసు హోటళ్ళలో ఇంగ్లీషు పాటలు వాయించి, సొంతంగా రాక్ బృందం పెట్టి రెండు రికార్డులిచ్చిన మనిషి. మా వీధి కుర్రాళ్ళు ఆయనలా జుట్టు పెంచి ఇళ్ళల్లో తన్నులు తిన్నారు. అంతటి మనిషి నల్ల గిటారు ఒకటి చంకన పెట్టుకుని, "మీటితే ఒక చోట జుయ్యిమంటోందండీ. మద్రాసులో ముగ్గురికి చూపించాను, అంతుపట్టలేదు" అన్నారు.

"మేం చేసేది వీణలండీ. ఇది మా పని కాదు" అన్నారు నాన్న.

"కర్ర, తీగె, మెట్టు. ఇందులో మీకు తెలియందేముందండీ?"

నాన్న నవ్వలేదు గానీ గిటారు తీసుకుని నా చేతికిచ్చారు. ఏడో మెట్టు వెంట్రుకవాసి ఎత్తుగా ఉందని గోటితో కనిపెట్టి, ఆకురాయితో రాసి ఇచ్చాను. ఆయన మీటి చూసుకుని, నాన్నను కాకుండా నన్నే చూస్తూ, "నీ పేరేంటమ్మా?" అన్నారు. మా ఇంటికొచ్చిన విద్వాంసులెవరూ అప్పటిదాకా నన్నా ప్రశ్న అడగలేదు.

"సుభద్రండీ."

"సుభద్రా, తీగె మీటగానే చెయ్యి అడ్డంపెట్టి ఆపేస్తున్నావు. అది తనంతట తాను ఆగేదాకా విను. తప్పంతా చివర్లోనే బయటపడుతుంది."

అంతవరకూ నేను నాన్న చెప్పిన కొలతల ప్రకారం పనిచేసేదాన్ని. వినడం నా పనిలో భాగమని ఆయనే నేర్పారు. రెండు నెలలకోసారి తన మూడు గిటార్లూ తెచ్చేవారు: కచేరీల్లో వాయించే నల్లది, దానికి తోడుగా ఎర్రది, కరెంటు అక్కర్లేని పాత గోధుమరంగుది. ఆ పాతది వాళ్ళమ్మ కొనిచ్చిందట. దాని మీదే నాకొక చిన్న పాట నేర్పారు. "చేసేవాళ్ళకి ఒక్క పాటైనా రావాలి. వంట చేసేవాళ్ళు రుచి చూడకపోతే ఎలా?" అనేవారు. మా ఇంట్లో ఆడపిల్లలు వాయిద్యం వాయించే అలవాటు లేదు. నాన్న చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

రెండేళ్ళు తిరిగేసరికి ఆయన కోరికలు వింతగా మారాయి. తీగెలు సన్నవి వెయ్యమన్నారు. తర్వాత మెట్లకు ఇంకా దగ్గరగా దించమన్నారు. ఒకసారి ఒక తీగె తీసేయమన్నారు. ఎడమచేతి చిటికెనవేలు లోపలికి వంగి ఉండటం చూసి అడిగితే, "కొత్త స్టైలులే" అని నవ్వారు. ఆ ఏడాది కాలేజీ గ్రౌండులో సాయంత్రం జరిగిన కచేరీకి నాన్ననూ నన్నూ పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టారు. జనం కుర్చీలెక్కి ఈలలేశారు. ఆయన మూడువేళ్ళతోనే వాయిస్తున్నారని అంతమందిలో నేనొక్కదాన్నే గమనించానేమో. అయినా ఒక్క స్వరం తప్పలేదు.

ఆ తర్వాతి వారమే అది జరిగింది. నేను ఒక వీణకోసం మైనం కాస్తున్నాను. ఆయన పక్కన పీట మీద కూర్చుని, మామిడి వ్యాపారుల యార్డులో వాయించబోయే పాటల గురించి హుషారుగా చెబుతున్నారు. మాటల్లో ఎడమచెయ్యి మూకుడు అంచు మీద ఆనించారు. తీస్తారనుకున్నాను. తియ్యలేదు. మాట ఆగలేదు, మొహంలో నవ్వూ చెదరలేదు. వాసన వచ్చింది. నేను కేక పెట్టాను. ఆయన నా మొహం చూసి, తర్వాత నా చూపు ఎక్కడుందో చూసి, అప్పుడు తీశారు చేతిని. తోలు మూకుడుకే అంటుకుపోయింది. ఆయన తన వేళ్ళవంక ఎవరివో చూసినట్టు చూసుకున్నారు. నాన్న లోపలినుంచి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు.

"కుష్టండీ" అన్నారు రత్నంగారు మెల్లగా. "రెండు నెలలుగా మందు తింటున్నాను. ఇంక ఒకరికి అంటదన్నారు డాక్టరు. యార్డులో ప్రోగ్రాం ఒక్కటే మిగిలింది. అదయ్యేదాకా ఎవరికీ చెప్పకండి. అమ్మా, నువ్వూ."

"చెప్పనండీ" అన్నాను.

ఆయన వెళ్ళాక నాన్న గదంతా ఫినాయిలుతో కడిగించారు. పనికని వదిలిన ఎర్ర గిటారూ, పాత గిటారూ ఇంట్లో ఉండటానికి వీల్లేదన్నారు. నేను చేతులకు గుడ్డ చుట్టుకుని వాటిని గోనెసంచుల్లో దూర్చి పెరటి పాకలో పడేశాను. ఆ గుడ్డ చుట్టుకోమని నాన్న చెప్పలేదు. రెండ్రోజులకు గాలివాన వచ్చింది. తోటల్లో కాయంతా రాలిపోయిందని ఊరంతా ఏడుస్తుంటే, పాక కారుతుందని తెలిసి కూడా నేను పెరట్లోకి వెళ్ళలేదు.

కచేరీ రోజు పొద్దున్న నా స్నేహితురాలు సరళ వచ్చింది. ఆ కార్యక్రమం పెట్టిస్తున్న మామిడి వ్యాపారి కూతురు. రత్నంగారికి తనే దండ వేసి చేతికి జ్ఞాపిక ఇస్తానని గంతులేస్తోంది.

"చేతికివ్వకే. బల్ల మీద పెట్టెయ్" అన్నాను.

"అదేంటే? ఎందుకు?"

నోరు మూసుకుని ఉండాల్సింది. దాని మంచికే అనుకుంటూ చెప్పేశాను. మధ్యాహ్నానికి ఊరంతా తెలిసిపోయింది.

సాయంత్రం యార్డు నిండింది గానీ జనమంతా వెనక రోడ్డు పక్కనే నిలబడ్డారు. ముందు కుర్చీల్లో నాన్నతో, నాతో కలిపి పాతికమంది కూడా లేరు. రత్నంగారు నల్ల గిటారుతో వచ్చి, ఖాళీ కుర్చీలు చూసి, మైకు దగ్గరికి జరిగారు. చేతికి కట్టుంది. "మీరు విన్నది నిజమే. నాకు కుష్టు. మందు తింటున్నాను, మీకు అంటదు. నేను ఇంకెక్కడా వాయించను, ఇదే ఆఖరు. వినేవాళ్ళు వినండి" అన్నారు. కుర్చీలు జరుగుతున్న చప్పుడు. ముందు వరసలు లేస్తున్నాయి. నేనూ లేచాను. నన్నెవరూ లాగలేదు. నా కాళ్ళే నన్ను రోడ్డు దాకా తీసుకెళ్ళాయి. అక్కడినుంచి వెనక్కి తిరిగి చూస్తే ముందు వరసలో ఒక్క మనిషి కూర్చుని ఉన్నాడు. ఆ మనిషి మా నాన్న.

రత్నంగారు గంటసేపు వాయించారు. కట్టు బయట మిగిలిన రెండువేళ్ళు చాలని చోట బొటనవేలితో నొక్కి వాయించారు. చివరిదాకా ఒక్క మనిషికోసమే వాయించారు. ఇంటికొచ్చాక నాన్నను అడిగాను, "ఇల్లు కడిగించారు కదా, మరి అక్కడెందుకు కూర్చున్నారు?" అని. "ఇల్లు కడిగింది భయంతోనే. కానీ మనిషి వాయిస్తుండగా లేచి వెళ్ళిపోతారటే?" అని మాత్రం అని, కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయారు.

మర్నాడు రత్నంగారు గిటార్ల కోసం వచ్చి అరుగు కిందే నిలబడ్డారు. నేను గోనెసంచులు తెచ్చి మెట్టు మీద పెట్టాను. ఎర్రదాన్ని తుడుచుకుని భుజాన వేసుకున్నారు. పాతదాన్ని బయటికి తీస్తే పైచెక్క తడికి ఉబ్బి, జిగురు వదిలి, నోరు తెరుచుకుని ఉంది. వాళ్ళమ్మ కొనిచ్చిన గిటారు. తిడతారని ఎదురుచూశాను. దాన్ని తిరిగి మెట్టు మీదే ఆనించి, "ఇది నువ్వే బాగుచెయ్యి సుభద్రా. గుడ్డ చుట్టుకుని మాత్రం బాగుచెయ్యలేవు, ముట్టుకోవాలి" అని వెళ్ళిపోయారు. గుడ్డ సంగతి ఆయనకెవరు చెప్పారా అనుకున్నాను. నా చేతులకు అప్పుడు కూడా అది చుట్టుకునే ఉందని తర్వాత చూసుకున్నాను.

మూడు నెలలు పట్టింది. మొదటివారం దాని దగ్గరికే పోలేకపోయాను. ఒకరోజు నాన్న తన జిగురుగిన్నె తెచ్చి దాని పక్కన పెట్టి, తన వీణ పనికి వెళ్ళిపోయారు. అప్పుడు మొదలుపెట్టాను. ఒట్టి చేతులతో చెక్క ఆరబెట్టి, సాపుచేసి, అతికించి, తీగెలు కట్టి, రెండు బస్సులు మారి, రత్నంగారు చేరిన కుష్టు ఆసుపత్రికి తీసుకెళ్ళాను. వేపచెట్టు కింద బెంచీ మీద కూర్చుని ఉన్నారు. జుట్టు పొట్టిగా కత్తిరించారు.

"సరళకి చెప్పింది నేనేనండీ" అన్నాను, కూర్చోకముందే.

"తెలుసు. తెలిసింది ఇద్దరికే. మీ నాన్న నోరు విప్పే మనిషి కాదు."

"మరి నాకెందుకిచ్చారండీ గిటారు?"

"నూజివీడులో ఇంకెవరు బాగుచేస్తారు?" అన్నారు, విసుగ్గానే. తర్వాత, "వాయించు" అన్నారు.

వచ్చిన ఒక్క పాటా వాయించాను. కళ్ళు మూసుకుని విని, "మూడో తీగె కాస్త దిగింది" అన్నారు. నిజమే, దిగింది. బిగించి మళ్ళీ వాయించాను. గిటారు తిరిగివ్వబోతే వద్దన్నారు. కొన్నాళ్ళకు జబ్బు పూర్తిగా నయమైంది గానీ వేళ్ళు తిరిగి రాలేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళు అక్కడే ఉండి, వచ్చిన రోగుల పిల్లలకు పాటలు నేర్పారు. మళ్ళీ వేదిక ఎక్కలేదు.

క్షమించానని ఆయన ఎప్పుడూ అనలేదు. నేనూ అడగలేదు. ఆయన వాయించిన పాటలు చాలావరకు మరిచిపోయాను. ఆ రోజు బస్సుకు టైమైందని లేచినప్పటి సంగతి మాత్రం నన్ను వదల్లేదు. ఆయన తన ఎడమచెయ్యి, ఆ వంగిన చెయ్యే, నావైపు చాచారు. నేను పట్టుకున్నాను. వెచ్చగా ఉంది. నా చెయ్యి తనని పట్టుకున్న సంగతి కళ్ళతో చూస్తే తప్ప ఆయనకు తెలియదు. అందుకే నేను వదిలేదాకా ఆయన మా చేతులవైపే చూస్తూ ఉన్నారు.