చివరి ‘ఆ’

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికన్నా ఎక్కువగా అడిగేదాన్ని నేనే. తినొచ్చా, పోవచ్చా, ముట్టుకోవచ్చా అని పొద్దస్తమానం ఏదో ఒకటి అడుగుతూ ఉండేదాన్ని. మా తాతయ్య దగ్గర అన్నింటికీ ఒకటే జవాబు, రేపు. ఆయనకు కాదనడం చేతకాదు, ఔననడం ఇష్టం ఉండదు. అందుకని మధ్యలో ఈ రేపును పెట్టుకున్నాడు.

షోలాపూర్‌లో దాజీ పేట్ మా పేట. మా నాన్న పవర్‌లూమ్ కార్ఖానాలో పనిచేసేవాడు. తాతయ్య మాత్రం ఇంట్లోనే గుంట మగ్గం మీద, గోడకు వేలాడదీసుకునే బొమ్మల బట్ట నేసేవాడు. ముందుగా బొమ్మను గళ్ల కాగితం మీద గీసుకుని, గడికో రంగు చొప్పున పోగు చేత్తో ఎక్కిస్తూ పోవాలి. నెమలి మెడ ఒక్కటే నాలుగు రోజులు పట్టేది. ఆ రంగుల నూలుకు కండెలు చుట్టి ఇవ్వడం నా పని. ఆడపిల్లలు కండెలు చుట్టాలి, మగవాళ్లు మగ్గం మీద కూర్చోవాలి. ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు గానీ మా ఇంట్లో అంతే. నాకేమో ఆ గుంటలో కాళ్లు పెట్టి కూర్చోవాలని ఒకటే యావ. పదకొండేళ్లు వచ్చేదాకా రోజూ అడిగాను, ‘తాతా, నేను కూసోనా?’ అని. ‘రేపు సూద్దాం తియ్యి’ అనేవాడు.

ఆ ఏడు ఆ రేపుకు గడువు పడింది. తాతయ్య చూపు మందగించింది. మగ్గం మీదున్న బట్ట పూర్తి కాగానే దాన్ని విప్పేసి, ఆ గదిలో పవర్‌లూమ్ పెట్టాలని నాన్న అన్నాడు. తాతయ్య ఎదురు చెప్పలేదు. బట్ట పూర్తి కావడానికి నెలన్నర పడుతుంది. ఆలోగా కూర్చుంటే కూర్చున్నట్టు, లేకపోతే ఈ జన్మకు లేనట్టే.

సరిగ్గా అప్పుడే స్పెయినామె వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయేమో, పొడుగు మనిషి. వాళ్ల దేశంలో ఎవరింట్లోనో గోడ మీద తాతయ్య నేసిన బట్ట చూసి, ఆ పని నేర్చుకోవాలని బయల్దేరిందట. చాదర్ల వ్యాపారి ఒకాయన ఆమెను తీసుకొచ్చి, పక్కింటి మేడగదిలో ఉండడానికి మాట్లాడి వెళ్లిపోయాడు. తాతయ్య ఆడమనిషిని మగ్గం మీద కూర్చోనిస్తాడా అని నేను కాచుకుని చూశాను. కూర్చోనిచ్చాడు. అంత దూరం నుంచి వచ్చిన మనిషికి రేపు అని ఏం చెబుతాడు? నాకు ఒళ్లు మండింది. అందంగా చెప్పుకోవడానికేముంది, అసూయే.

చేతి పనికి మాటలు పెద్దగా అక్కర్లేదు. కానీ రోజంతా ఒక గదిలో ఉండే మనుషులకు కావాలి. ఆ భారం పక్కింటి అక్క మీద పడింది. అక్క పది పాసై, చదువు అక్కడితో ఆగి, ఇంట్లో బీడీలు చుట్టేది. స్పెయినామె దగ్గర ఇంగ్లీషులో వివరించి స్పానిష్ నేర్పే పుస్తకం ఒకటి ఉంది. అక్క దాన్ని గడప మీద తెరిచిపెట్టుకుని, ఒళ్లో చాటతో బీడీలు చుడుతూనే చదివేది. నేను ఆకులు కత్తిరించి ఇస్తుంటే, తనకు అర్థమైనంత నాకూ చెప్పేది.

నేను బట్ట నేస్తాను అనే మాటను అక్క చాట అంచు మీద పేర్చి చూపించింది. నేను అనడానికి ఒక తునికాకు, బట్ట అనడానికి దారపు ఉండ, నేస్తాను అనడానికి కత్తెర. మన మాటలో కత్తెర చివర ఉంటుంది. వాళ్ల మాటలో అది నడిమికి వస్తుంది. యో తేహో తేలా. ‘మనం పని ఆఖర్కు చెప్తం. వాళ్లు నడుమల్నే చెప్పేస్తరు’ అంది అక్క. తర్వాత తునికాకును తీసి పక్కన పడేసింది. అది లేకపోయినా నష్టం లేదట. తేహో అంటే నేస్త, తేహెస్ అంటే నేస్తవ్, ఎయా తేహె అంటే ఆమె నేస్తది. ఎవరు నేస్తారో మన మాటకులాగే వాళ్ల మాటకూ తోకలోనే తెలిసిపోతుంది.

నువ్వు అనడానికి వాళ్లూ తూ అనే అంటారు, మరాఠీలోలాగా. మీరు అనాలంటే ఉస్తెద్ అనాలి, దానికీ ఆమెకున్న తోకే, తేహె. స్పెయినామె తాతయ్యను మర్యాదగా ఉస్తెద్ అంటే ఆయన ఉస్తాద్ అని విన్నాడు. ముప్పై ఏళ్లుగా మగ్గం మీదున్నా ఆయన్ని ఎవరూ అలా పిలవలేదు. అందరూ సరిదిద్దాలనుకున్నారు గానీ, ఆయన మొహం చూసి ఊరుకున్నారు.

ఇక అడగడం. ఏమిటి, ఎవరు, ఎలా, ఎప్పుడు అనేవాటికి వాళ్లు కె, కియెన్, కోమో, క్వాందో అంటారు. మరాఠీలో కాయ్, కోణ్, కసా, కధీ. ‘గీళ్లిద్దరు క తోటి అడుగుతరు, మనం ఎ తోటి అడుగుతం, గంతే ఫరక్’ అని అక్క తేల్చేసింది. ఔనో కాదో తెలుసుకోవాలంటే ఇంకా తేలిక. కత్తెరను కదపనే అక్కర్లేదు. తేహె తేలా అని గొంతు దించితే, మీరు బట్ట నేస్తారు. అవే మాటలను గొంతు లేపి అంటే, నేస్తారా? రాసేటప్పుడు మాత్రం వాక్యం మొదట్లోనే ప్రశ్న గుర్తును తలకిందులుగా పెడతారు. అడగబోతున్నామని ముందే చెప్పడం నాకు వింతగా తోచింది. మనం అడుగుతున్నామో చెబుతున్నామో చివరి అక్షరం దాకా ఎవరికీ తెలియదు కదా.

ఇంత నేర్చుకున్నా మా నోటికి అలవాటైన ‘ఆ’ ఎక్కడికి పోతుంది? ఒట్టిగా గొంతు లేపితే మాకు అడిగినట్టే అనిపించేది కాదు. చివర ‘ఆ’ చేర్చాల్సిందే. తింటారు అనడానికి కోమె అని నేర్చుకున్న మా అమ్మ, స్పెయినామె ముందు జొన్న రొట్టె పెట్టి ‘కోమా?’ అనేది. ఆమె తినేది. ఇంకోటి వేసి మళ్లీ ‘కోమా?’ అనేది. ఆమె అదీ తినేది. ఇంత పెద్ద తిండి మనిషిని చూడలేదని అమ్మ మెచ్చుకుంది. నేను రోజూ పొద్దున్నే కండెల బుట్ట పట్టుకుని వెళ్లి ‘తేహా?’ అని అడిగేదాన్ని. నేస్తారా అని నా భావం. ఆమె చాయ్ తాగుతున్నా గ్లాసు కింద పెట్టి, గబగబా వెళ్లి మగ్గం మీద కూర్చునేది. బుద్ధిమంతురాలని తాతయ్య అనేవాడు.

మూడో వారానికి పోగులు లాగి లాగి ఆమె వేళ్లు కోసుకుపోయాయి. ఒకరోజు రెండు వేళ్లకు గుడ్డ చుట్టుకుని వచ్చింది. నాకు మొదటిసారి జాలి వేసింది. అసూయ పోయిందని అనను, పక్కకు తప్పుకుంది. ఈ వేళ్లతో కూడా నేస్తారా అన్నట్టు మెల్లగా ‘తేహా?’ అన్నాను. ఆమె నా వైపు ఒక చూపు చూసింది. వెళ్లి కూర్చుని మధ్యాహ్నం దాకా నేసింది. వేళ్లకు చుట్టిన గుడ్డ ఎర్రబడింది, దగ్గరగా ఉన్న తెల్లటి పోగు మీద కూడా ఒక మరక పడింది. అప్పుడు ఆమె ఏడ్చింది. తాతయ్య ఏం చేయాలో తోచక అక్కను పిలిచాడు.

అక్క, స్పెయినామె చాలాసేపు ఇంగ్లీషులో ఏదో చెప్పుకున్నారు. నడుమ పుస్తకం తెరిచారు. అక్క ముందు నోరు తెరిచింది, తర్వాత కొంగు అడ్డం పెట్టుకుంది, ఆపైన నవ్వు ఆపుకోలేక గోడకు చేరగిలబడింది. కోమె అంటే తింటారు, కోమా అంటే తినండి. తేహె అంటే నేస్తారు, తేహా అంటే నెయ్యండి. మేము ‘ఆ’ చేర్చి అడుగుతున్నామని అనుకుంటే, ఆమెకు అది ఆజ్ఞలాగా వినబడింది. ఈ ఇంటి పద్ధతేమో అనుకుని, పొట్ట పట్టకపోయినా తిన్నది, వేళ్లు తెగినా నేసింది. పదకొండేళ్ల పిల్ల రోజూ పొద్దున్నే వచ్చి పనిలోకి పొమ్మంటుంటే ఆమెకు ఎలా ఉండి ఉంటుందో తలచుకుంటే నాకిప్పుడు నవ్వొస్తుంది గానీ, ఆ రోజు సిగ్గుతో చచ్చిపోయాను.

‘నువ్వు అడుగుతలేవే పోరీ, హుకుం ఇస్తున్నవ్’ అంది అక్క. మరేం చేయాలన్నాను. ‘చివరి ఆ తీసెయ్యి. మాట ఉన్నట్టే ఉండనియ్యి. లేపితె అడిగినట్టు, దించితె చెప్పినట్టు.’

వేళ్లు మానేదాకా స్పెయినామెను మగ్గం మీద కూర్చోవద్దన్నాడు తాతయ్య. మర్నాడు నేను కండెల బుట్టతో వెళ్లేసరికి ఆయన మగ్గం పక్కన నిలబడి, గళ్ల కాగితాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని ఉన్నాడు. స్పెయినామె కిటికీ దగ్గర కూర్చుని ఉంది. కూర్చునే పలక ఖాళీగా ఉంది. ‘కూసోనా’ అనే మాట ఎప్పటిలాగే నోట్లోకి వచ్చేసింది. అక్క చెప్పింది గుర్తొచ్చి దాన్ని అక్కడే ఆపాను. చాట అంచు మీద కత్తెర ఎలా ఉందో అలాగే ఉంచి, తోకలోని ‘ఆ’ ఒక్కటీ తీసేయాలి. ఒట్టిగా తీస్తే ‘కూసోను’ అయిపోతుంది, అందుకని మాటను కాస్త సర్దుకున్నాను.

‘తాతా, నేను కూసుంట’ అన్నాను. గొంతు దించాను.

ఆయన కాగితం దించి నన్ను చూశాడు. రేపు అనే మాట కోసం వెతుక్కున్నాడని నాకు తెలిసింది. కానీ నేను ఏదీ అడగలేదు, దాన్ని పెట్టడానికి ఆయనకు చోటు దొరకలేదు. నా జీవితంలో మొదటిసారి ఆయనే నన్ను ఒక మాట అడిగాడు.

‘కాళ్లు అందుతయా?’

అందుతాయన్నాను. అందలేదు. ఆయన కోప్పడలేదు. గుంటలోకి వంగి, తొక్కుడు కర్రలకు పాత చాదరు ముక్కలు చుట్టి ఎత్తు పెంచాడు. మొదటి పోగు ఎక్కించడానికి నాకు చాలాసేపు పట్టింది, అదీ తప్పు గడిలో పడింది. విప్పించి మళ్లీ ఎక్కించమన్నాడు. కిటికీ దగ్గర నుంచి స్పెయినామె మెల్లగా అంది, ‘ఎయా తేహె.’ అక్క ఎప్పుడో అర్థం చెప్పిన మాటే, కానీ అందులోని ఆమె ఎవరో ఈసారి ఎవరూ చెప్పకుండానే తెలిసింది. ఆ మాటలో ఉన్నది నేను.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర నాన్న మగ్గం సంగతి ఎత్తాడు. బట్ట ఎంతవరకు వచ్చింది, ఎప్పుడు విప్పుదాం అని అడిగాడు. తాతయ్య నా వైపు చూడలేదు. ఆయన నాన్నతో ఏం మాట్లాడినా, ‘ఇట్ల చేద్దామా, అట్ల ఉంచుదామా’ అనే అంటాడని నాకు అప్పుడే తట్టింది. చూపు తగ్గినప్పటి నుంచి ఆయన కూడా అడిగే మనిషే అయిపోయాడు. ఆ పూట మాత్రం ముద్ద కలుపుతూ, మామూలు గొంతుతో అన్నాడు.

‘మగ్గం ఉంటది. పోరి నేస్తది.’

తాతయ్య కొట్లాడి ఉంటే నాన్న దగ్గర జవాబులు బోలెడు ఉండేవి. ఈ మాట ఆయన్ని ఏదీ అడగలేదు. అమ్మ ఇంకో రొట్టె తెచ్చి వేసింది, నాన్న తినేసి లేచాడు. మగ్గం ఇంకా ఆరేళ్లు ఉంది.

స్పెయినామె ఆ బట్ట పూర్తయ్యేదాకా ఉండి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. నేను గొప్ప నేతగత్తెనేమీ కాలేదు. నేర్చుకున్న స్పానిష్ చాలావరకు మర్చిపోయాను. కానీ నా సొంత సంగతి ఏదైనా నలుగురి ముందు చెప్పాల్సి వస్తే, ఇప్పటికీ వాక్యం చివర గొంతు తనంతట తానే పైకి పోబోతుంది. ఈ వయసులో కూడా. పట్టుకుని కిందికి దించుతాను. ఒక్కోసారి తప్పిపోతుంది, మళ్లీ ఎవరినో అనుమతి అడుగుతున్న పిల్లనైపోతాను. దించగలిగిన రోజున మాత్రం, చెప్పింది నేనే అయినా, నా చెవికి వినబడేది ముద్ద కలుపుతూ అన్న మా తాతయ్య గొంతే.